రాణి వీపు మీద అరగంట

ఫిజియోథెరపీ చదివి కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, కాఫీ అయ్యాక అసలు సంగతికి వస్తారు. "మేడమ్, గుర్రం ఎక్కిస్తే పిల్లలు నిజంగా బాగవుతారా?" అవునంటే అబద్ధం. కాదన్నా అబద్ధమే. అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను.

నా పేరు గ్రేస్ రత్నకుమారి. మాది బంటుమిల్లి దగ్గర ఒక పల్లె. మా నాన్న పొలం పనికి వెళ్లేవాడు, ఆదివారాలు చర్చిలో డోలక్ వాయించేవాడు. ఇంట్లో మొదట కాలేజీకి వెళ్లింది నేనే. గుడివాడలో ఒక మిషన్ ఆసుపత్రిలో, పిల్లల ఫిజియోథెరపీ గదిలో ఉద్యోగం మొదలుపెట్టాను. ఆ గదిలోంచే రిటైరయ్యాను. ఏ హోదా ఎప్పుడు వచ్చిందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో ఇక్కడ రాయను. అవి ఎవరికీ పనికిరావు.

మా గదిలో చాపలు, పెద్ద బంతులు, గోడ వెంట చెక్క కడ్డీలు ఉండేవి. వచ్చే పిల్లల్లో ఎక్కువమంది పుట్టుక సమయంలో మెదడుకు దెబ్బ తగిలి, కాళ్లూ చేతులూ బిగుసుకుపోయినవాళ్లు. రోజూ ఆ బిగిసిన కండరాలు సాగదీయడమే నా పని. నన్ను చూడగానే పిల్లలు ఏడుపు అందుకునేవారు. పదిహేనేళ్లు ఆ ఏడుపు వింటూ పనిచేశాను, మామూలే అనుకున్నాను. ఈ వృత్తిలో మనం అన్నిటికంటే ముందు అలవాటు పడేది పిల్లల ఏడుపుకే. మీరు అలవాటు పడకండి.

"ఇది సర్కస్ కాదమ్మాయ్"

ఆసుపత్రివాళ్లు ఒకసారి నన్ను చెన్నైలో పది రోజుల శిక్షణకు పంపారు. అక్కడ ఒక పూట, పిల్లల్ని గుర్రాల మీద కూర్చోబెట్టి నడిపించడం చూపించారు. ఇదేదో ఉన్నవాళ్ల సరదా అనుకుని నేను వెనకెక్కడో నిలబడ్డాను. నేర్పే ఆవిడ సరిగ్గా నన్నే పిలిచి, గుర్రం ఎక్కించి, కళ్లు మూసుకోమంది.

గుర్రం నడిచింది. పది అడుగులు వేసేసరికి నా ఒళ్లు జలదరించింది. కాళ్లు ఊరికే వేలాడుతున్నాయి, నడుం మాత్రం నడుస్తోంది. ముందుకీ వెనక్కీ, అటూ ఇటూ, కొంచెం మెలితిరుగుతూ, నేలమీద నేను నడిచేటప్పుడు ఎలా కదులుతుందో అలాగే కదులుతోంది. పుట్టాక ఒక్క అడుగు కూడా వేయని పిల్లకి నడక అంటే ఏమిటో తెలియజెప్పడానికి నేను పదిహేనేళ్లు బంతులతో తంటాలు పడ్డాను. ఈ జంతువు ఒక్క నిమిషంలో చెప్పేసింది.

గుడివాడ తిరిగి రాగానే మా సూపరింటెండెంట్ ఆనందరాజు గారి గదికి వెళ్లాను. ఆయన ఎముకల డాక్టరు. మాటలు తక్కువ, నవ్వు ఇంకా తక్కువ.

"గుర్రమా?" అన్నారు కళ్లజోడు తీసి. "ఇది ఆసుపత్రి. సర్కస్ కాదమ్మాయ్."

"ఒక్కసారి మీరు చూస్తే తెలుస్తుంది సార్."

"నేను చూడను. నువ్వు చూపించు. ఒక్క పిల్ల. ఆరు నెలలు. ఆ పిల్లకి ఏం రావాలో మొదటిరోజే కాగితం మీద రాసి నాకివ్వు. అది వస్తే మాట్లాడుకుందాం. రాకపోతే గుర్రం మాట నా గదిలో ఎత్తకు."

ఆ రోజు ఆయన మీద చాలా కోపం వచ్చింది. నా ఉద్యోగకాలంలో 'కానివ్వమ్మా, నీ ఇష్టం' అన్న పెద్దలు కూడా ఉన్నారు. వాళ్ల దగ్గర నేను నేర్చుకున్నది ఏమీ గుర్తులేదు. నిలబెట్టి 'ఏం రావాలో రాయి' అన్నది ఈయన ఒక్కరే. అలాంటి పై అధికారి దొరికితే బదిలీ అడక్కండి.

పెళ్లి గుర్రం

గుర్రం కోసం నేను ఎక్కువ వెతకలేదు. బందరు వెళ్లినవాళ్లందరూ మంగినపూడి బీచిలో దాన్ని చూసే ఉంటారు. తెల్లటి ఆడగుర్రం, పేరు రాణి. సెలవు రోజుల్లో బీచికొచ్చిన పిల్లల్ని తిప్పేది, ముహూర్తాల రోజుల్లో పెళ్లికొడుకుల్ని మోసేది. దాని యజమాని మస్తాన్. అప్పటికి నలభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు.

"మా నాన్న బందర్లో జట్కా తోలేవాడమ్మా," అన్నాడు మస్తాన్. "ఆటోలొచ్చాయి, జట్కాలు పోయాయి. నాకు గుర్రం తప్ప ఇంకో పని రాదు. మీరు చెప్పే పిల్లలు ఎక్కితే దీనికేమన్నా అవుద్దా?"

గుర్రంవల్ల పిల్లలకేమవుతుందోనని అందరూ అడిగారు. పిల్లలవల్ల గుర్రానికేమవుతుందని అడిగిన మనిషి మస్తాన్ ఒక్కడే. అప్పుడే ఈ మనిషితో పని చేయవచ్చు అనుకున్నాను.

రాణిని పరీక్షించడానికి మర్నాడు సామాను పట్టుకెళ్లాను. దాని పక్కన అల్యూమినియం వాకర్ కింద పడేశాను. మొహం ముందు టపీమని గొడుగు తెరిచాను. ఫోన్లో రికార్డు చేసిన పసిపిల్లల కేకలు వినిపించాను. రాణి చెవులు తిప్పింది, అంతే. మస్తాన్ పకపకా నవ్వాడు. "దీని వెనకాల బ్యాండు మేళాలు, కాళ్ల దగ్గర టపాసులు. మీ గొడుక్కి భయపడుద్దా అమ్మా?"

బీచి రోడ్డు పక్కన సరుగుడు తోపులో గట్టిగా, చదునుగా ఉన్న నేల చూసుకున్నాం. జనం రాకముందే, శనివారం పొద్దున. జీను వద్దన్నాను. గుర్రం ఒంటి వెచ్చదనం పిల్లల తొడలకు తగలాలి, దానివల్లే బిగిసిన కండరం వదులవుతుంది. దళసరి బొంత ఒకటి, పట్టుకోవడానికి పిడి కుట్టిన తోలు పట్టా ఒకటి, పిల్లల తలకు సైకిలు హెల్మెట్. గుర్రం ముందు మస్తాన్, ఒక పక్క నేను, రెండో పక్క పిల్లల అమ్మో నాన్నో. ఇంతే మా ఏర్పాటు.

బెంచీ మీద కూర్చోవాలి

మొదటి పిల్ల భవాని. ఆరేళ్లు. బందరు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె వాళ్లది. తండ్రి ఏడుకొండలు పడవ మీద వేటకు వెళ్తాడు. తల్లి నాగలక్ష్మి బజార్లో చేపలమ్ముతుంది. నెత్తిన చేపల తట్ట, చంకలో భవాని, ఆరేళ్లూ అలాగే మోసింది. భవాని రెండు కాళ్లూ కత్తెరలా ఒకదాని మీదొకటి పడి బిగుసుకుపోయి ఉండేవి. కూర్చోబెట్టి వదిలేస్తే పక్కకు ఒరిగిపోయేది. మాట మాత్రం గడగడా వచ్చేది.

ఆనందరాజు గారి కాగితం రాయాలి కదా. నేను 'ఊతంతో నిలబడుట' అని రాసుకుని, ఎందుకైనా మంచిదని నాగలక్ష్మిని అడిగాను: "పాపకి ఏం వస్తే బాగుంటుంది?"

నడవాలి అంటుందనుకున్నాను. ఆవిడ వెంటనే అంది: "బెంచీ మీద కూచోటం రావాలండి డాక్టరమ్మగారూ. బడికి తీసుకెళ్తే, కూచోటం రాని పిల్లనెట్టా చేర్చుకోమంటావ్, కూచోటం వచ్చాక తీసుకురా అన్నారండి. దానికి బడంటే పిచ్చి. ఆ గోడ పక్క కూచోబెడితే లోపల చెప్పే ఎక్కాలన్నీ బయటే నేర్చేసుకుందండి."

చట్టం ప్రకారం ఆ బడి ఆ మాట అనకూడదు. కానీ అంది. ఆ బడివాళ్లతో పోట్లాట నేను తర్వాత పెట్టుకున్నాను. ముందు మాత్రం నా కాగితం కొట్టేసి, 'బడి బెంచీ మీద ఒక పీరియడ్ కూర్చొనుట' అని రాసిచ్చాను. అప్పటిదాకా పిల్లలకేం కావాలో నేనే నిర్ణయించేదాన్ని. ఆ రోజునుంచీ ముందు ఇంటివాళ్లను అడగడం మొదలుపెట్టాను. మీరు కూడా అడగండి, అడిగి నోరు మూసుకుని వినండి.

మొదటి శనివారం భవాని గుర్రాన్ని చూసి పెట్టిన కేకలకు సరుగుడు చెట్ల మీది కాకులన్నీ లేచాయి. మేం ఎక్కించలేదు. ఆ వారమే కాదు, నాలుగు వారాలు ఎక్కించలేదు. మస్తాన్ నానబెట్టిన ఉలవలు తెచ్చి, "నువ్వు పెడితేనే తింటానంటోంది," అనేవాడు. గుర్రానికి తిండి పెట్టాలంటే అరచెయ్యి చాపాలి, భవాని చెయ్యేమో పిడికిలి. మొదటి వారం ఉలవలన్నీ పిడికిట్లో నలిగిపోయాయి. నాలుగో వారం చెయ్యి తెరుచుకుంది. రాణి పెదవులు అరచేతికి తగిలేసరికి భవాని, "కితకితలండీ!" అని నవ్వింది. నా గదిలో ఆ పిడికిలి విప్పడానికి నేనెంత కష్టపడ్డానో నాకే తెలుసు.

ఐదో వారం ఎక్కించాం. కాళ్లు విడదీయడానికి రాలేదు. బలవంతం చేయకుండా ముందు పక్కకు తిప్పి, రెండు కాళ్లూ ఒకే వైపు వేసి కూర్చోబెట్టి, నేను పట్టుకుని నడిచాను. పది నిమిషాలు తిరిగేసరికి నా చేతికింద తొడ కండరం మెత్తబడడం తెలిసింది. అప్పుడు మెల్లగా ఒక కాలు అవతలికి దాటించాను. దాటింది. గుర్రం మీద గుర్రం ఎక్కినట్టే కూర్చుంది భవాని. అవతలి పక్కనున్న నాగలక్ష్మి ఆ కాలి పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

ఏడుకొండలు అన్ని వారాల్లో ఒక్కసారి కూడా రాలేదు. కూతుర్ని పట్టించుకోని మనిషని నేను మనసులో తీర్పు చెప్పేశాను. ఒక శనివారం భార్యకు జ్వరమొస్తే తనే తీసుకొచ్చాడు. నేనూ మస్తానూ భవానిని పైకెత్తడానికి పడే పాట్లు చూశాడు. ఆ తర్వాతి శనివారం మేం వెళ్లేసరికి తోపులో చెక్క వాలు బల్ల ఒకటి నిలబడి ఉంది. పాత పడవ చెక్కలతో చేసింది, పక్కన కమ్మీతో సహా. పిల్లల్ని దానిమీదకి నడిపించుకునో, తోసుకునో తీసుకెళ్తే నేరుగా గుర్రం వీపు ఎత్తుకు వస్తారు.

"ఇదెప్పుడు చేశారండీ?" అన్నాను.

"వేట లేని రోజుల్లో," అన్నాడు ఏడుకొండలు, నా వైపు చూడకుండా. "అట్టా ఎత్తితే మీ నడుం పోద్దండి."

పిల్లల దగ్గరికి రాని తండ్రుల గురించి మనం గదిలో కూర్చుని చాలా అనుకుంటాం. కొందరికి నిజంగానే పట్టదు. కొందరికి మాత్రం అక్కడికొస్తే ఏం చేయాలో తెలియదు. చేయడానికి పని ఒకటి చూపిస్తే ఎవరు ఏ రకమో తెలిసిపోతుంది.

ఆరో నెల నిండే వారం ఆనందరాజు గారు చెప్పకుండా వచ్చారు. బూట్లలో ఇసుక దులుపుకుంటూ తోపులోకి నడిచొచ్చి, రోడ్డు పక్క టీ కొట్టు ముందున్న చెక్క బెంచీ తెప్పించి వేయించారు. భవానిని దించి దానిమీద కూర్చోబెట్టమన్నారు. వెనక ఆనుకోవడానికి ఏమీ లేదు. ఆయన కూడా పక్కనే కూర్చుని టీ చెప్పారు.

"ఎన్నో ఎక్కం దాకా వచ్చు?" అని అడిగారు.

భవాని రెండో ఎక్కం మొదలుపెట్టింది. ఆయన టీ ఊదుకుంటూ తాగుతున్నారు. మూడో ఎక్కం. నాలుగో ఎక్కం. ఒకసారి ఎడమకు ఒరిగింది, నేను ముందుకు కదలబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. భవాని తనంతట తనే సర్దుకుంది. ఏడో ఎక్కం దగ్గర ఆయన గ్లాసు ఖాళీ అయింది.

"సరే," అన్నారు లేస్తూ. ఆ జూన్‌లో భవాని బడిలో చేరింది. వచ్చే నెల నుంచి ఇంకో ఐదుగురు పిల్లల్ని తీసుకోమని ఆయన నాకు చెప్పారు.

నేను చేసిన తప్పు

ఆ తర్వాతి ఏడాది నేను తలెత్తుకుని తిరిగాను. పిల్లలకు మెరుగు కనిపిస్తోంది, అవనిగడ్డ వైపు నుంచి కూడా తల్లులు వెతుక్కుంటూ వస్తున్నారు. అప్పుడే నాగాయలంక నుంచి మార్తమ్మ తన కొడుకు శామ్యూల్‌ని తీసుకొచ్చింది. వాడికి ఎనిమిదేళ్లు. బిగుతు చాలా ఎక్కువ, మాట రాదు. దివిసీమ నుంచి బస్సు మారి, అంత పిల్లాడిని భుజాన వేసుకుని ప్రతి శనివారం వచ్చేది.

బిగుతు ఎక్కువున్న పిల్లల్లో తుంటి ఎముక నెమ్మదిగా గుంటలోంచి జారిపోతుంటుంది. గుర్రం ఎక్కించేముందు తుంటి ఎక్స్‌రే చూడాలి. ఈ సంగతి నాకు తెలుసు, శిక్షణలో చెప్పారు. భవానికి తీయించాను. శామ్యూల్‌కి తీయించలేదు. కాళ్లు కదిలించి చూసి, బాగానే ఉంది అనుకున్నాను. ఎక్స్‌రే కంటే నా చెయ్యే బాగా చెబుతుందన్న గర్వం. ఎక్స్‌రే ఫిల్మును మా దగ్గర సినిమా అని వెక్కిరించేదాన్ని కూడా.

మూడో వారం మార్తమ్మ అంది: "మేడమ్ గారూ, నీళ్లు పోసేటప్పుడు ఎడం కాలు పట్టుకుంటే ఏడుస్తున్నాడండి. ఇదివరకు ఏడ్చేవాడు కాదు."

"బిగిసిన కండరం సాగుతోందమ్మా," అన్నాను. "మొదట్లో అలాగే ఉంటుంది."

ఐదో వారం మస్తాన్ గుర్రాన్ని ఆపేశాడు. "బాబు కుడి పక్కకే వాలుతున్నాడు మేడమ్ గారూ. ఎడమ వైపు కూచోలేకపోతున్నాడు. బరువు సమంగా లేదని రాణి కూడా మెడ తిప్పి చూస్తోంది."

"నువ్వు నడిపించు మస్తాన్," అన్నాను విసుగ్గా.

అతను నడిపించలేదు. కళ్లెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అప్పుడు నేను శామ్యూల్ మొహంలోకి చూశాను. ఏడవడం లేదు. పెదవి కొరుక్కుని ఉన్నాడు, దానిమీద పళ్ల గుర్తులు పడ్డాయి.

సోమవారం తీసిన ఎక్స్‌రేలో ఎడమ తుంటి సగం బయటికి జరిగి ఉంది. ఆనందరాజు గారు దాన్ని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశారు.

"ముందు తీసిన ఎక్స్‌రే ఏది?"

"తీయించలేదు సార్."

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "ఇది ఏళ్లుగా జారుతున్న తుంటి. నీవల్ల జారలేదు. కానీ జారుతున్న తుంటి మీద వాణ్ణి ఐదు వారాలు కూర్చోబెట్టావు. ఆ నొప్పికి జవాబు నువ్వే చెప్పాలి. ఆపరేషన్ సంగతి నేను మాట్లాడతాను. జరిగింది మాత్రం నువ్వెళ్లి చెప్పు. ఫోన్లో కాదు."

మర్నాడు నాగాయలంక వెళ్లాను. మార్తమ్మ అరుగు మీద చేటలో బియ్యం ఏరుతోంది, పక్కన మంచం మీద శామ్యూల్ పడుకుని ఉన్నాడు. నేను నేలమీద కూర్చుని అంతా చెప్పాను. ఎక్స్‌రే తీయించాలని నాకు ముందే తెలుసని కూడా చెప్పాను. ఆవిడ చేతులు ఏరడం మానలేదు.

"నేను ఆ వేళే చెప్పాను కదండీ మీకు."

"చెప్పావమ్మా. నేను వినలేదు."

"నాకు చదువు లేదనా?"

ఆ మాట కొంత నిజం. చదువుకున్న తల్లి ఎవరైనా అదే మాట అని ఉంటే, నేను ఆ వారమే ఎక్స్‌రేకి పంపి ఉండేదాన్ని. పొలం పని చేసే ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, నా తల్లి లాంటి మనిషి మాటే నా చెవికి ఎక్కలేదు. "అయ్యుండొచ్చు మార్తమ్మా. తప్పు నాదే," అన్నాను.

ఆవిడ చేట పక్కన పెట్టింది. "ఇప్పుడు వాడికేం చెయ్యాలో చెప్పండి."

విజయవాడలో ఆపరేషన్ జరిగింది. శామ్యూల్ కోలుకున్నాడు. చక్రాల కుర్చీలో నొప్పి లేకుండా కూర్చుంటాడు, కుర్చీ తోస్తే సంబరంగా అరుస్తాడు. గుర్రం మళ్లీ ఎక్కలేదు. మార్తమ్మ చూపించడానికి తీసుకొచ్చినప్పుడు నాతో మామూలుగానే మాట్లాడుతుంది. క్షమించిందో లేదో నాకు తెలియదు. అడిగే హక్కు నాకుందని అనుకోలేదు.

ఒక గ్లాసు టీ

మూడు నెలలు గుర్రం పని ఆపేశాను. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఎక్స్‌రే లేని పిల్లను వాలు బల్ల దగ్గరికి కూడా రానివ్వకూడదని రాసుకున్నాం. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో కొందరికి మెడ కీలు వదులుగా ఉంటుంది, వాళ్లకైతే మెడ ఎముకలు కూడా చూడాలి. తల్లి చెప్పిన మాట ఆవిడ మాటల్లోనే కాగితం పైభాగంలో రాయాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, మస్తాన్‌కి ఏమాత్రం తేడా అనిపించినా నన్ను అడక్కుండా గుర్రాన్ని ఆపేయవచ్చు. ఇది విని మస్తాన్, "మీరు కోప్పడకూడదు మరి," అన్నాడు.

గుర్రం అందరికీ పనిచేయదని కూడా ఇక్కడే చెప్పాలి. ముదినేపల్లి నుంచి చేపల చెరువుల రైతు కుటుంబం ఒకటి ఆరేళ్ల కొడుకుని తెచ్చేది. ఆటిజం. గుర్రం ఎక్కితే మాటలొస్తాయని వాళ్లకెవరో చెప్పారు. నేను అలా చెప్పలేనన్నాను, అయినా వచ్చారు. రెండేళ్లలో ఒక్క మాట కూడా రాలేదు. కానీ ఎవరు ముట్టుకున్నా పెనుగులాడే ఆ పిల్లవాడు రాణి మెడమీద చెంప ఆనించి అరగంట నిమ్మళంగా ఉండేవాడు. ఆ అరగంటా వాళ్లమ్మ టీ కొట్టు దగ్గర కూర్చునేది.

ఒకరోజు గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని నాతో అంది: "వీడు పుట్టాక పొగలొచ్చే టీ తాగటం ఇక్కడేనండి. ఇంట్లో ఎప్పుడు తాగినా చల్లారిపోయిందే."

మేం రాసే కాగితాల్లో దీనికి చోటు లేదు. అక్కడ తల్లులు కలుసుకునేవారు. పెరిగిన పిల్లని నడుం పట్టకుండా ఎలా ఎత్తాలో నాగలక్ష్మి అందరికీ చేసి చూపించేది, నాకంటే బాగా. పిల్లల కోసం పెట్టిన అరగంటలో సగం మేలు ఈ బెంచీ మీద జరిగింది. మీరు ఎక్కడ పనిచేసినా తల్లులు కూర్చోవడానికి ఒక బెంచీ వేయించండి.

దానికి తెలియాలి

గుర్రాలూ ముసలివవుతాయి. పన్నెండేళ్లు పిల్లల్ని మోశాక ఒక శనివారం మస్తాన్ రాణిని తీసుకురాకుండా ఒక్కడే వచ్చాడు. "ముందుకాలు మోకాలు సరిగ్గా మడవటం లేదు మేడమ్ గారూ. దీంతో ఇంక చాలు." ఇప్పుడది అతని ఇంటి వెనక నీడలో ఉంటుంది, హాయిగా ఉలవలు తింటుంది.

మస్తాన్ విజయవాడ నుంచి ఇంకో పెళ్లి గుర్రాన్ని తెచ్చాడు. ఎర్రటిది, పేరు చిట్టి. చప్పుళ్లకి బెదరదు. కానీ ఇంకో చిక్కొచ్చింది. గుర్రానికి కాళ్లతో డొక్కలు నొక్కితే వేగంగా పొమ్మని అర్థం. మా పిల్లల కాళ్లు వాళ్ల ప్రమేయం లేకుండానే బిగుసుకుంటాయి. ఆ నొక్కుడు ఆజ్ఞ కాదని రాణి ఎప్పుడో తెలుసుకుంది. చిట్టికి ఎలా చెప్పాలి? ఫిజియోథెరపీ విద్యార్థుల్ని ఎక్కించి, కాళ్లు బిగించి నటించమన్నాను. వాళ్ల నటన చిట్టి నమ్మలేదు. నిజమైన బిగుతు ఒక్కసారిగా వచ్చి, ఒక్కసారిగా పోతుంది. దాన్ని కావాలని తెప్పించుకోవడం ఎవరివల్లా కాదు.

అప్పటికి భవాని బందర్లో ఇంటర్ పూర్తి చేసింది. వాకర్ పట్టుకుని నడుస్తుంది, దూరమైతే మూడు చక్రాల బండి. శనివారాలు వచ్చి చిన్నపిల్లల్ని మాటల్లో పెట్టేది. మా అవస్థ రెండు వారాలు చూసి మూడో వారం అంది:

"నేనెక్కుతాను మేడమ్. నాలాంటివాళ్లని మొయ్యటం దానికి రావాలంటే నాలాంటిదే ఎక్కాలి కదా."

"వద్దు," అన్నాడు ఏడుకొండలు, నేను నోరు తెరవకముందే. "అది పరిగెత్తితే?"

"మస్తాన్ మావయ్య పట్టుకుంటాడు నాన్నా. పక్కన నువ్వుంటావు. పడితే నీ మీదే పడతాలే."

నేను వారం గడువు అడిగాను. కొత్తగా ఎక్స్‌రే తీయించి, ఆనందరాజు గారు రిటైరై ఉంటున్న ఇంటికి తీసుకెళ్లి చూపించాను. ఆయన ఈసారి కూడా వెలుతురుకు ఎత్తి చూసి, "తుంటి బాగుంది. పిల్ల పెద్దదైంది, అది తన ఇష్టం," అన్నారు.

భవాని ఎక్కింది. రెండు చుట్లు బాగానే నడిచాయి. మూడో చుట్టులో ఎక్కడో మోటారు సైకిల్ హారన్ మోగింది, భవాని ఉలిక్కిపడింది, కాళ్లు రెండూ బిగుసుకుని చిట్టి డొక్కల్ని నొక్కేశాయి. చిట్టి ఒక్క గెంతు గెంతింది. మస్తాన్ కళ్లేనికి వేలాడిపోయాడు. ఏడుకొండలు కూతురి నడుం రెండు చేతులతో చుట్టేశాడు. చిట్టి ఆగాక భవాని వంగి దాని మెడ నిమిరింది. మొహం పాలిపోయి ఉంది, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"దించకండి," అంది. "మావయ్యా, మళ్లీ తిప్పు. ఇప్పుడు దిగితే దానికి తప్పుగా అర్థమవుద్ది."

ఇంత స్పష్టంగా మా పని గురించి మాట్లాడినవాళ్లని నేను శిక్షణల్లో కూడా చూడలేదు.

ఎన్ని శనివారాలు పట్టిందో లెక్కపెట్టలేదు. భవాని కాళ్లు బిగిసినప్పుడల్లా మస్తాన్ "నడు, నడు" అంటూ మామూలు నడకే నడిపించేవాడు. గెంతులు అడుగులయ్యాయి, అడుగులు చెవులు తిప్పడం దాకా వచ్చాయి. చివరికి ఒకరోజు, భవాని కాళ్లు ఎప్పటికంటే గట్టిగా బిగుసుకున్నప్పుడు, చిట్టి తనంతట తనే ఆగింది. తల తిప్పి చూసింది. కాళ్లు వదులయ్యేదాకా నిలబడి, అప్పుడు మళ్లీ నడిచింది. మస్తాన్ కళ్లెం ఎప్పుడో వదిలేశాడు.

నేను రిటైరయ్యే నెలలో గుడివాడ నుంచి నాలుగేళ్ల పాపను తీసుకొచ్చారు. చిట్టి మీద ఎక్కిన మొదటి చిన్నపిల్ల. బొంత మీద కూర్చోగానే భయంతో పాప కాళ్లు బిగుసుకున్నాయి. తల్లి కంగారుగా వాటిని విడదీయబోయింది. భవాని వాకర్ జరుపుకుంటూ గుర్రం పక్కకి వచ్చి పాప పాదం మీద చెయ్యి వేసింది.

"కాళ్లు బిగుసుకున్నా ఫర్వాలేదు బంగారం," అంది. "దీనికి తెలుసు. నేనే నేర్పాను."

పాప భవానినీ, వాకర్‌నీ మార్చి మార్చి చూసింది. తర్వాత పిడి పట్టుకుంది. చిట్టి నడక మొదలుపెట్టింది.